సొంత చేలో ఆరడుగుల నేలకు ఎవరి అనుమతి?

సంఘం ఆఫీసుకు వచ్చే రైతులు పాసు పుస్తకం గురించో, సర్వే హద్దుల గురించో, పంట నష్టం గురించో అడగడం మామూలే. వాటితోపాటు ఇంకో ప్రశ్న కూడా వస్తూ ఉంటుంది. ఇంట్లో పెద్దాయన పోయాడు, మా చేలోనే పూడ్చుకోవచ్చా? ఎవరినైనా అడగాలా? పక్క చేను వాళ్లు వద్దంటున్నారు, ఏం చేయాలి? మిగతా ప్రశ్నలకు వారం ఆగి జవాబు చెప్పినా నష్టం లేదు. దీనికి మాత్రం గంటల్లో చెప్పాలి. శవం వాకిట్లో ఉంటుంది, చుట్టాలు వచ్చి కూర్చుని ఉంటారు. అలాంటప్పుడు చట్టం చదువుకుంటూ కూర్చోలేరు గనుక, అది ముందే తెలిసి ఉండాలని ఈ నెల సంపాదకీయానికి ఈ విషయం తీసుకున్నాం.

చేలో పూడ్చుకోవడం మనకు కొత్త కాదు. తెలంగాణ చెలకల్లో, రాయలసీమ మెట్ట పొలాల్లో బోరు పక్కనో, వేపచెట్టు కిందో సున్నం కొట్టిన సమాధి కనబడని ఊరు అరుదు. లింగాయతులు, జంగాలు కూర్చోబెట్టి పూడుస్తారు. దళితుల్లో, వెనుకబడిన కులాల్లో పూడ్చే ఆచారం ఉన్నవాళ్లు చాలామంది. ముస్లింలు, క్రైస్తవులు సరే సరి. పెత్రమాసకు, సంక్రాంతికి పెద్దలకు పెట్టుకునేది అక్కడే. కోస్తా డెల్టాలో సంగతి వేరు. కోనసీమలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి, మడిలో పూడ్చడం కుదరదు, కాలవ గట్లూ పుంతలే దిక్కు. కాబట్టి ఒకే నిబంధన అన్ని నేలలకూ సరిపోదన్నది మొదటే గుర్తుంచుకోవాలి.

ఇంతకాలం లేని తగాదా ఇప్పుడెందుకు? భూమికి ధర వచ్చింది. పక్క చేలో సమాధి లేస్తే తన ప్లాటు అమ్ముడుపోదని భయపడే రోజులివి. ఊళ్లు మున్సిపాలిటీల్లో కలుస్తున్నాయి. అన్నదమ్ముల వాటాలు ఎకరం, అర ఎకరానికి వచ్చాయి. కోవిడ్ కాలంలో శవాన్ని ఊరి శ్మశానానికి రానివ్వని చోట్ల చేలే ఆదుకున్నాయి, ఆ చేల చుట్టూ కూడా గొడవలు జరిగాయి.

ఇక చట్టం సంగతి. దేశం మొత్తానికి వర్తించే ఒకే శ్మశాన చట్టం లేదు. ఇది రాష్ట్రాల, స్థానిక సంస్థల పరిధిలోని విషయం. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టమైనా, 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టమైనా శ్మశానాలు ఏర్పాటు చేయడం, వాటిని చూసుకోవడం గ్రామ పంచాయతీ పనిగానే పెట్టాయి. పట్టణాల్లో కట్టుబాటు గట్టిది. అక్కడ నమోదైన, లైసెన్సు ఉన్న చోటే పూడ్చాలి, కాల్చాలి. వేరే చోటు కావాలంటే కమిషనరు అనుమతి ఉండాలి. దీన్ని ఊళ్లు విలీనమైన రైతులు ముఖ్యంగా గమనించాలి. నిన్నటిదాకా పంచాయతీలో ఉన్న చెలక ఇవాళ మున్సిపాలిటీలో ఉంటే, తాతను పూడ్చిన చోటే తండ్రిని పూడ్చడానికి కూడా కాగితం అడుగుతారు.

కోర్టులు ఏమన్నాయో చూద్దాం. మనిషికి గౌరవంగా బతికే హక్కు ఇచ్చిన రాజ్యాంగం 21వ అధికరణం, చనిపోయాక ఆ దేహానికి దక్కాల్సిన గౌరవాన్ని కూడా కాపాడుతుందని సుప్రీంకోర్టు 1995లో పరమానంద్ కటారా కేసులో చెప్పింది. గౌరవం సరే, చోటు ఎక్కడ అన్న దగ్గర చిక్కు మొదలైంది. 2023లో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్, తమిళనాడు పంచాయతీ నిబంధనల ప్రకారం శ్మశానంగా గుర్తించని చోట పూడ్చడం కుదరదని తేల్చింది. ఆ తీర్పు తమిళనాడు నిబంధనల మీద వచ్చింది గనుక మన రెండు రాష్ట్రాలను నేరుగా కట్టేయదు. కానీ రేపు మన దగ్గర ఎవరైనా అభ్యంతరం పెట్టి కోర్టుకు వెళ్తే ముందు చూపించేది దాన్నే.

ఇంతకంటే మనసు కలచివేసేది బస్తర్ కేసు. ఛత్తీస్‌గఢ్ బస్తర్ జిల్లాలోని ఛింద్‌వాడా గ్రామంలో ఒక క్రైస్తవ పాస్టరు 2025 జనవరి 7న చనిపోయారు. ఊరి శ్మశానంలో పూడ్చడానికి ఊరివాళ్లు ఒప్పుకోలేదు. పోనీ మా సొంత వ్యవసాయ భూమిలో పూడ్చుకుంటామని కొడుకు అడిగారు, దానికీ ఒప్పుకోలేదు. హైకోర్టు కాదంది. జనవరి 27న సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఇద్దరు న్యాయమూర్తులూ రెండు మాటలు చెప్పారు. సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలని జస్టిస్ బి.వి.నాగరత్న అన్నారు. రాష్ట్రమంతటా క్రైస్తవులకు శ్మశాన స్థలాలు రెండు నెలల్లో గుర్తించమని కూడా ఆమె ఆదేశించారు. గుర్తించిన శ్మశానంలోనే పూడ్చాలని, చోటు ఎంచుకునే హక్కు అపరిమితం కాదని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అన్నారు. అప్పటికి శవం మార్చురీలో చేరి ఇరవై రోజులు. ఇంకో పెద్ద ధర్మాసనానికి పంపితే ఇంకెన్ని రోజులో. అందుకని 142వ అధికరణం కింద ఇద్దరూ కలిసి, ఇరవై పాతిక కిలోమీటర్ల అవతల కర్కాపాల్‌లో ఉన్న క్రైస్తవ శ్మశానంలో పూడ్చమని ఉత్తర్వు ఇచ్చారు.

ఈ కేసులో మతం ఉంది, ఊరి కట్టుబాటు ఉంది, వాటి మీద మాట్లాడేవాళ్లు మాట్లాడారు. రైతులుగా మనం చూడాల్సింది ఇంకోటి ఉంది. తన పట్టా భూమిలో, తన తండ్రికి, ఆరడుగుల నేల కోసం ఒక మనిషి మూడు వారాల్లో దేశంలోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లాల్సి వచ్చింది. అక్కడ కూడా సూటిగా జవాబు దొరకలేదు. అభ్యంతరం పెట్టినవాళ్లకు చట్టం తెలియాల్సిన అవసరమే లేకపోయింది, వద్దనడం చాలింది.

అందుకే మా అభిప్రాయం ఇది. గ్రామాల్లో సొంత పట్టా భూమిలో పూడ్చుకునే ఆచారానికి రాతపూర్వక నిబంధన కావాలి. అది అనుమతి పద్ధతిలో కాకుండా ఇత్తలా పద్ధతిలో ఉండాలి. అనుమతి అంటే ఏమిటో మనకు తెలుసు. కార్యదర్శి మీటింగులో ఉంటారు, తహసీల్దారు సెలవులో ఉంటారు, ఫైలు ఆర్డీఓ దగ్గర ఉంటుంది. బోరు కనెక్షనుకు నెలలు ఆగే రైతు శవంతో ఆగలేడు. కుటుంబం ఒక కాగితం మీద సర్వే నంబరు, హద్దులు, ఇంటికీ బావికీ ఎంత దూరం, వాటాదారుల సంతకాలు రాసి పంచాయతీ కార్యదర్శికి ఇవ్వాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు కొన్ని గంటల్లోగా కారణం రాసి ఇవ్వాలి. కారణం నీటికో, ఆరోగ్యానికో, హద్దుకో సంబంధించినదైతే వినాలి. వాళ్ల కులం వేరనో, మతం వేరనో, ఊరికి అరిష్టమనో అంటే ఆ కాగితం పక్కన పెట్టేయాలి.

నీటి అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోవద్దని మన సభ్యులకు గట్టిగా చెబుతున్నాం. ఊరు తాగే బోరుకు, చేదబావికి పక్కనే బొంద తవ్వడం ఎవరి హక్కూ కాదు. వాగు ఒడ్డున, చెరువు శిఖంలో, కుంట కట్ట కింద పూడ్చకూడదు. వానాకాలంలో నీళ్లు ఎంత పైకి వస్తాయో ఆ చేను దున్నేవాడికే బాగా తెలుసు, ఎండాకాలం చూసి లోతు లెక్క కడితే పొరపాటు. చెలకల్లో మెరక ఎంచుకుని, ఆరడుగులకు తగ్గకుండా తవ్వి, మట్టి బాగా దట్టిస్తే కుక్కల బెడదా ఉండదు. డెల్టా ఊళ్లలో మాత్రం చేలో పూడ్చుకుంటామని పట్టుబట్టడం కంటే మెరక శ్మశానం కోసం పంచాయతీ మీద పడటమే దారి.

భూమి కాగితాల విషయంలో జరిగే నష్టం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే సమాధుల మీద పదేళ్ల తర్వాత వచ్చే తగాదాలన్నీ ఇక్కడే పుడతాయి. ఉమ్మడి భూమిలో పూడ్చేముందు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరి ఒప్పుదల కాగితం మీద ఉండాలి. పంచుకునేటప్పుడు సమాధి ఎవరి వాటాలోకి పోతుందో, మిగతావాళ్లు పండక్కి వచ్చి దీపం పెట్టుకునే బాట ఏ గట్టు మీదో పంపకం పత్రంలో రాయించాలి. అమ్మేటప్పుడు ఇంకా జాగ్రత్త. సమాధి ఉన్నంత మాత్రాన అమ్మేసిన భూమి మీద మనకు హక్కు మిగలదు. సమాధి చుట్టూ ఒక సెంటు గానీ, అర గుంట గానీ మినహాయించి, దానికి నడిచే బాటతో సహా సేల్‌డీడులో హద్దులు రాయించుకుంటే రేపు కొన్నవాడు వెంచరు వేసినా అడిగే వీలుంటుంది. నోటిమాట మీద ఉంచామంటే జేసీబీ రావడానికి ఒక పూట చాలు. శవాన్ని పూడ్చిన చోటును, శ్మశానాన్ని అవమానించే ఉద్దేశంతో చొరబడి పాడు చేయడం భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షను కింద నేరమే. కానీ కేసు పెట్టినా పోయిన సమాధి తిరిగి రాదు.

రోడ్డుకో, కాలవకో, రిజర్వాయరుకో భూమి పోతున్నప్పుడు అవార్డు విచారణలో చెట్లు, పైపులైను, షెడ్డు రాయించుకుని సమాధిని మర్చిపోతున్నాం. 2013 భూసేకరణ చట్టం భూమికి అతుక్కుని ఉన్న వాటికి వేరే విలువ కట్టమంది. కట్టిన సమాధి కూడా కట్టడమే, పంచనామాలో రాయించండి. అదే చట్టం మూడో షెడ్యూలులో, నిర్వాసితుల కాలనీలో కల్పించాల్సిన సౌకర్యాల జాబితాలో, అక్కడి కులాల, సమూహాల ఆచారాన్ని బట్టి శ్మశానమో దహనవాటికో ఉండాలని స్పష్టంగా ఉంది. ముంపు ఊళ్ల వాళ్లు ఇల్లు, రోడ్డు, నీళ్లతో పాటు దీన్నీ పేరు పెట్టి అడగాలి. పాత ఊళ్లో పెద్దల సమాధులు నీళ్ల కింద పోయిన వాళ్లకు కొత్త ఊళ్లో చోటు లేకపోతే, శవాన్ని మళ్లీ ఎవరి గడ్డకో మోసుకుపోవాలి.

ఇప్పుడు మన సంఘానికి అన్నిటికంటే దగ్గరి విషయం. చేలో పూడ్చుకోవడంలో ఒక సౌలభ్యం ఉంది, ఎవరికీ చెప్పకుండా తొందరగా అయిపోతుంది. ఆ సౌలభ్యమే వెనక మిగిలిన భార్యాబిడ్డల కొంప ముంచుతోంది. పురుగుమందు తాగి పోయిన రైతు, మోటారు దగ్గర షాకు కొట్టి పోయిన రైతు, పాము కరిచి పోయిన రైతు, వీళ్లను పోలీసులకు చెప్పకుండా, పోస్టుమార్టం లేకుండా పూడ్చేస్తే తర్వాత సాయం రావడం దాదాపు అసాధ్యం. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి 2004 నాటి జీవో 421 కింద లక్షన్నర, 2015లో తెలంగాణ జీవో 194తో ఆరు లక్షలు, ఏదైనా సరే త్రిసభ్య కమిటీ ముందు పెట్టే కాగితాల్లో ఎఫ్ఐఆరు, పోస్టుమార్టం రిపోర్టు మొదట అడుగుతారు. కరెంటు షాకుకు డిస్కం ఇచ్చే పరిహారానికీ, ప్రమాద బీమాకూ అవే కావాలి. పూడ్చిన శవాన్ని మళ్లీ తీయాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉండాలి, ఆ బాధ ఏ ఇంటికీ వద్దు. పరువు పోతుందని, కేసవుతుందని రాత్రికి రాత్రి పూడ్చమని సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి ఊళ్లో ఉంటారు. మరుసటి నెల అప్పులవాళ్లు వచ్చినప్పుడు ఆ పెద్దమనుషులు కనబడరు. గ్రామ కమిటీ కార్యకర్తలు ఆ రాత్రి ఆ ఇంటి దగ్గర ఉండి, ముందు పోలీసులకు చెప్పించండి, తర్వాతే బొంద.

సహజ మరణమైనా నమోదు తప్పదు. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో చెప్పాలి. ఇంట్లో చనిపోతే చెప్పాల్సింది ఇంటిపెద్ద. శ్మశానంలో అయితే అక్కడి నిర్వాహకుడు కూడా చెప్పాలని ఆ చట్టంలో ఉంది, సొంత చేలో ఆ రెండో మనిషి ఉండడు. అందుకే చేలో పూడ్చిన మరణాలు రికార్డుకు ఎక్కకుండా పోతాయి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు తెచ్చుకోవాలి. మరణ ధ్రువపత్రం లేకపోతే విరాసత్ కాదు, పాసు పుస్తకం మారదు, బ్యాంకులో డబ్బు రాదు, వితంతు పింఛను రాదు. తెలంగాణలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారుకు ఉన్న ఐదు లక్షల రైతుబీమాకు కూడా మొదట అడిగేది అదే. పదకొండో రోజు దినాల ఖర్చు లెక్క రాసుకునేటప్పుడు ఈ కాగితం పని కూడా ఆ జాబితాలో రాసుకోవాలి.

పట్టా ఉన్నవాడి సంగతి ఇదయితే, లేనివాడి సంగతి ఏమిటి? కౌలురైతు యజమాని చేలో పూడ్చలేడు. లావుణి పట్టా, డి-పట్టా భూములు సాగుకని ఇచ్చినవి, అందులో సమాధి కడితే షరతు తప్పారని నోటీసు పట్టుకొచ్చే అధికారికి సాకు దొరుకుతుంది, పంచాయతీకి రాసి ఇవ్వకుండా అక్కడ పూడ్చవద్దు. పోడు భూముల్లో అటవీ సిబ్బందితో పేచీ ఉండనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభ సిఫారసుతో అటవీ భూమిని బడికి, అంగన్‌వాడీకి, రోడ్డుకు, చెరువుకు మళ్లించుకోవచ్చని 13 సౌకర్యాలు లెక్కపెట్టింది. ఆ పదమూడింటిలో శ్మశానం లేదు. బడికి పోయే పిల్లవాడు గుర్తొచ్చాడు, చనిపోయే ముసలమ్మ గుర్తు రాలేదు. అయినా తరతరాలుగా వాడుతున్న శ్మశానాన్ని సాంప్రదాయక హక్కుగా సామూహిక హక్కుల దరఖాస్తులో రాయవచ్చు. గూడేల కమిటీలు ఈ పని మొదలుపెట్టాలి.

ఇక భూమీ లేక, శ్మశానమూ లేక, ఉన్నా దారి లేక ఉన్నవాళ్లు. దళితవాడల శవాలు మోకాలి లోతు నీళ్లలో, నాటేసిన మడుల మధ్య నుంచి పోతున్న ఫొటోలు ప్రతి వానాకాలం పత్రికల్లో వస్తాయి. కేరళలో భూమిలేని దళితులు ఇంటి పెరట్లో, చివరికి వంటగది నేల కింద పూడ్చుకున్న సంగతులు చాలాసార్లు వెలుగులోకి వచ్చాయి. సొంత స్థలంలో పూడ్చుకునే స్వేచ్ఛ అని దాన్ని ఎవరూ అనరు. కాబట్టి చేలో పూడ్చుకునే వీలుంది కదా అని పంచాయతీ చేతులు దులుపుకోవడానికి మన డిమాండు సాకు కాకూడదు. తెలంగాణలో 2019 పల్లె ప్రగతి నుంచి ఉపాధి హామీ నిధులతో ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. మంచి పనే. అయితే గోడలు, గద్దెలు, స్నానపు గదులు కట్టింది ఎక్కువగా కాల్చేవాళ్ల కోసం. పూడ్చేవాళ్లకు పక్కన ఎంత చోటు వదిలారు, ఆ చోటుకు ఏ కులం వాళ్లయినా పోవచ్చా అన్నది ఊరూరా చూడాలి.

పాత శ్మశానాలు కూడా ఎక్కడికీ పోలేదు, కాగితం మీద ఉన్నాయి. ఆంధ్రలో ఆర్ఎస్ఆర్‌లో శ్మశానం పోరంబోకు అని, తెలంగాణలో సేత్వార్‌లో, పాత పహాణీల్లో బొందలగడ్డ అని సర్వే నంబరు, విస్తీర్ణం ఉంటాయి. ఎకరం రాసి ఉంటే నేల మీద పది గుంటలు కూడా మిగలని చోట్లున్నాయి. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ తీర్పు నకలు జతచేసి తహసీల్దారుకు అర్జీ పెట్టవచ్చు. ఒక మాట మనలో మనం కూడా అనుకోవాలి. ఆ ఎకరంలోకి జరిగిన గట్లలో కొన్ని రైతులవే. శ్మశానానికి పోయే బండ్లబాటను దున్ని కలిపేసుకున్నదీ రైతులే. సంఘం సభ్యుడై ఉండి శవం పోయే దారికి అడ్డం పడితే సంఘం అతని పక్కన నిలబడదు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకు సంఘం తరఫున వినతిపత్రం తయారవుతోంది. ఇత్తలా పద్ధతికి ఒక ఉత్తర్వు, ప్రతి ఆవాసానికీ పూడ్చేవాళ్లకు, కాల్చేవాళ్లకు సరిపడా శ్మశానం, దానికి సర్వే చేసి రాళ్లు పాతిన దారి, విలీన గ్రామాల్లో పాత కుటుంబ సమాధుల పక్కన పూడ్చుకునే వెసులుబాటు అందులో ఉంటాయి. దానికి జతచేయడానికి మండల కమిటీలు ఈ నెలాఖరులోగా ప్రతి ఊరి శ్మశానం సర్వే నంబరు, రికార్డులో విస్తీర్ణం, కొలిస్తే ఉన్న విస్తీర్ణం, దారి ఉందో లేదో, ఏ వాడకు శ్మశానమే లేదో రాసి పంపాలి. వచ్చే గ్రామసభలో ఈ లెక్క చదివి వినిపించి తీర్మానం రాయించండి. తీర్మానం నకలు మీద కార్యదర్శి సంతకం, తేదీ తప్పకుండా తీసుకోండి.